బరకం మీద ఆరిన ఆకు

పోయిన వారం రెబెకాని నాగాయలంక నుంచి బందరు వచ్చే బస్సులో, ఒళ్ళో ఒక ఆకుపచ్చ ప్యాకెట్టుతో కూర్చోబెట్టి వదిలేశాం. ఆ ప్యాకెట్టు సంగతి మరిచిపోయినవాళ్ళ కోసమూ, ఈ వారమే మనతో బస్సెక్కినవాళ్ళ కోసమూ నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

రెబెకాది కోడూరు. బందరులో ఒక కాలేజీలో పరిశోధన పేరుతో నాలుగేళ్ళుగా ఎలుకలతో కాపురం చేస్తోంది. ప్లాస్టిక్ మెత్తగా, వంగేట్టు ఉండడానికి అందులో కొన్ని రసాయనాలు కలుపుతారు. థాలేట్లంటారు వాటిని. కడుపుతో ఉన్న ఎలుకకి అవి పడితే పుట్టే మగపిల్లలు పైకి బాగానే కనిపిస్తాయి. ఎదిగాక కోసి చూస్తే తెలుస్తుంది, వృషణాలు సరిగా ఎదగలేదని, వీర్యకణాలు సగానికి సగం లేవని. అదే తల్లికి రసాయనంతో పాటు ఇలవకూర రసం కూడా పట్టిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతోంది. ఆ ఆకులో ఉన్న యాంటీ ఆక్సిడెంట్లు పిల్లల్ని లోపల కాపు కాస్తున్నాయని రెబెకా బోను తర్వాత బోను పెట్టి చూపించింది. ఇలవ అంటే విదేశీ మూలిక ఏమీ కాదు. దివిసీమ ఉప్పునేలల్లో, చెరువుగట్ల మీద ఎవరూ విత్తకుండా మొలిచే ఆకు. పప్పులో వేస్తే ఉప్పు వేసుకోనక్కర్లేదు.

ఆ ఆకుని ఆమెకి చూపించింది నాగాయలంకలో చేపలమ్మే రాఘవమ్మ. చూపించి ఊరుకోలేదు. నాలుగేళ్ళూ తనే కోసి, కడిగి, తాటాకు చాప మీద ఆరబెట్టి, పాత చీర గుడ్డతో కుట్టిన సంచుల్లో పోసి ఇచ్చింది. ఆవిడ కొడుకు శివకి పెళ్ళయిన ఏడేళ్ళకి కోడలు దుర్గ కడుపు పండింది. ఇప్పుడు నాలుగో నెల. చూసి పలకరించి వద్దామని రెబెకా వెళ్తే, "నీ పొడే తాగుతుందమ్మా, పూటకి రెండు చెంచాలు" అని రాఘవమ్మ సంబరంగా ఆకుపచ్చ ప్యాకెట్టు తెచ్చి చేతిలో పెట్టింది. చిక్కల్లా ఏమిటంటే, రెబెకా ఏ పొడీ తయారుచేయలేదు. ప్యాకెట్టు మీద 'ఇలవరక్ష, గర్భిణులకు' అని ఉంది. దాని కింద తన గైడు డాక్టర్ కృపావతి గారి పేరు ఉంది.

అవనిగడ్డ దాటాక రెబెకా ఆ ప్యాకెట్టు విప్పి వాసన చూసింది. ఇలవ వాసన ఆమెకి కొత్తా? తడిమట్టీ ఉప్పూ కలిసినట్టుంటుంది. ఆ వాసన ఉంది గానీ, దాని అడుగున ఇంకోటి ఉంది. ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే ముక్కుకి కొడుతుందే, ఆ వాసన. బందరు చేరేదాకా ప్యాకెట్టు మూతి మడిచి గట్టిగా పట్టుకునే కూర్చుంది.

తెల్లారి ఆదివారం. చర్చిలో ఆరాధన అవగానే రెబెకా తిన్నగా ఇంగ్లీషుపాలెంలో కృపావతి గారింటికి వెళ్ళింది. అప్పటికి ఆమె కోపం చిన్నదే. తనకి ఒక్క మాటైనా చెప్పకుండా తన పనిని పొట్లాలు కడతారా అన్నది ఒక్కటే బాధ. వాసన సంగతి కూడా అడగాలనుకుంది, కానీ అది రెండో మాట.

కృపావతి గారు ఆమెకి ఊరికే గైడు కాదు. కోడూరు చర్చిలో సండే స్కూలు పాఠాలు చెప్పింది ఆవిడ. తండ్రి జ్ఞానయ్య పోయినప్పుడు, ఇంటర్ చదివే పిల్లని తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకుని డిగ్రీ దాకా చదివించింది ఆవిడ. అందుకే కాలేజీలో మేడమ్, ఇంట్లో ఆంటీ. ఆ ఇంట్లో ఏ గిన్నె ఏ అరలో ఉంటుందో రెబెకా కళ్ళు మూసుకుని చెప్పగలదు, చెప్పగలననే అనుకుంది.

"సరిగ్గా భోజనానికే వచ్చావు. పండుగప్ప ఇగురు చేశాను. చెయ్యి కడుక్కో" అన్నారు కృపావతి గారు.

బల్ల దగ్గర కూర్చున్నాక రెబెకాకి ఏదో తేడాగా అనిపించింది. అన్నం స్టీలు గిన్నెలో ఉంది. నీళ్ళు గాజు జగ్గులో ఉన్నాయి. ఉప్పుకి, పచ్చడికి జాడీలు వచ్చాయి. ఒకప్పుడు ఈ వంటింటి నిండా రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలుండేవి. మూతలు వెతకడం తన పనిగా ఉండేది. ఇప్పుడు ఒక్కటి కనిపించలేదు. మంచిదే కదా, మనం కనిపెట్టినదాన్ని మన ఇంట్లోనే పాటిస్తున్నాం అనుకుని లోపల కాస్త గర్వపడింది కూడా. పిచ్చిపిల్ల.

"ప్రార్థన నువ్వు చెయ్యి" అన్నారావిడ.

"మీరే చెయ్యండి ఆంటీ" అని రెబెకా తలవంచింది. ఆవిడే మొదలుపెట్టారు. అన్నానికి, ఆరోగ్యానికి, తమ చేతుల పని పదిమంది తల్లులకి చేరుతున్నందుకు ప్రభువుకి స్తోత్రం చెప్పారు. రెబెకా ఆమెన్ అంది. తర్వాత బ్యాగులోంచి ప్యాకెట్టు తీసి కంచం పక్కన పెట్టింది.

"ఆంటీ, ఇది నాగాయలంకలో కనిపించింది."

కృపావతి గారు ముల్లు తీయడం ఆపలేదు. "చెబుదామనే అనుకుంటున్నాను. థీసిస్ పని అయిపోయాక నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని ఆగాను. మన డేనియల్ చూసుకుంటున్నాడు. ఆకు మన కోడూరులో ఆరబెట్టిస్తాడు, పొడికొట్టి ప్యాకింగ్ గుడివాడలో." డేనియల్ ఆవిడ అల్లుడు. "మార్చిలో నేను రిటైరవుతున్నాను రెబెకా. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. మన ఆకు ఎలుకల బోనుల్లోనే ఆగిపోతే ఎవరికి ఉపయోగం చెప్పు?"

"ఎలుకలకి పనిచేసినంత మాత్రాన మనుషులకి చేస్తుందని మనం ఎక్కడా రాయలేదు కదా ఆంటీ."

"మందు కాదు కదమ్మా, కూర. తాతల నాటి నుంచి తింటున్నదే కదా."

ఆ మాటలో తప్పు పట్టడానికి రెబెకాకి వెంటనే ఏమీ దొరకలేదు. ఆవిడ మాటలెప్పుడూ అంతే, వినేటప్పుడు నున్నగా ఉంటాయి. ఇంతలో లోపలి గదిలోంచి జెనిఫర్ వచ్చింది. కృపావతి గారి ఒక్కగానొక్క కూతురు, డేనియల్ భార్య. ఐదో నెల. గుడివాడ నుంచి వచ్చి రెండు నెలలుగా తల్లి దగ్గరే ఉంటోంది. రెబెకాని చూసి నవ్వి, "నా మజ్జిగలోకి ఆకు వేసుకుంటాను, మీరు మాట్లాడుకోండి" అంటూ అలమర తెరిచింది. పై అరలోంచి ఒక గుడ్డ సంచి దించింది.

ఆకాశం రంగు చీర గుడ్డ. మూతి దగ్గర రెండు పొరలు తిప్పి వేసిన వలముడి. అలా ముడి వేసేది రెబెకాకి తెలిసి లోకంలో ఒక్కరే. జూలైలో ల్యాబ్ నుంచి ఒక సంచి కనిపించకుండా పోయింది. ఎలుకలు కొరికేసి ఉంటాయని అటెండర్ సత్తిబాబుని అందరూ కోప్పడ్డారు. ఆ సత్తిబాబు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

"జెన్నీ, నువ్వు ఈ ప్యాకెట్టు వాడవా?" అంది రెబెకా.

"అమ్మ దాన్ని ముట్టుకోనివ్వదు. అది బయటివాళ్ళకంట. నాకు రాఘవమ్మ ఆకే" అంది జెనిఫర్, తన మాట ఎక్కడ తగిలిందో తెలియకుండా. చెంచాతో గ్లాసులో కలుపుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

రెబెకా చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది. పరిశోధన మొదలుపెట్టిన ఏడాది తనే ఒక తెలివితక్కువ పని చేసింది. ఆకు తొందరగా ఆరుతుందని రొయ్యల చెరువుల దగ్గర పరిచే ప్లాస్టిక్ బరకం ఒకటి నాగాయలంక తీసుకెళ్ళింది. రాఘవమ్మ దాన్ని కాలితో పక్కకి తోసేసింది. "తినేదాన్ని దీని మీద ఆరబెట్టకూడదమ్మా. మా ఎండుచేపకే దీని కంపు పట్టేస్తది, ఇంక ఆకెంత?" అంది. ఎండుచేపల వాడలో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి అది. తన ఎలుకల పిల్లలు నిలబడ్డాయంటే అందులో సగం పుణ్యం ఆ తాటాకు చాపది.

"ఈ పొడి బరకం వాసన వస్తోంది ఆంటీ" అంది మెల్లగా. "ఆకు దేని మీద ఆరబెట్టిస్తున్నారు?"

కృపావతి గారు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చారు. బుకాయిస్తారనుకుంది రెబెకా. ఆవిడ బుకాయించలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

"డేనియల్‌కి తెలియక చేశాడు. చెరువుల్లోంచి తీసేసిన పాత బరకాలు చవగ్గా దొరికాయని పరిచాడు. ఎండకి కాగిన ప్లాస్టిక్, దాని మీద పచ్చి ఆకు. నాకూ అనుమానం వచ్చింది. హైదరాబాదులో టెస్ట్ చేయించాను, చూడు."

రెబెకా చూసింది. థాలేట్ల వరసలో అంకెలున్నాయి. తన ఎలుకలకి కొలిచి పోసిన రసాయనమే, పేరుతో సహా. ఎవరూ కొలవకుండా దుర్గ గ్లాసులోకి వెళ్తున్నది అదే. మూడో నెల, నాలుగో నెల. కడుపులో ఉన్నది మగపిల్లాడైతే వాడి మగతనానికి పునాది పడేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఆడో మగో ఎవరికీ తెలియదు, తెలుసుకోకూడదు కూడా. కాగితం మీద తేదీ ఆగస్టు పన్నెండు. ఇది అక్టోబరు. దుర్గ మొదటి చెంచా కలుపుకోకముందే ఈ కాగితం ఈ ఇంటికి చేరింది.

"మీకు రెండు నెలలుగా తెలుసు."

"తెలిసేసరికి సరుకు వెళ్ళిపోయింది. వచ్చే సరుకు చాపల మీదే ఆరబెట్టమన్నాను."

"వెళ్ళిపోయిన సరుకు?"

"అదెన్నాళ్ళుంటుంది, అయిపోతుంది కదా. ఇప్పుడు వెనక్కి రప్పిస్తే ఇలవ పేరే చెడుతుంది. నీ నాలుగేళ్ళ పనీ పోతుంది." తర్వాత కృపావతి గారు అన్న మాట రెబెకా బతికినన్నాళ్ళూ మరిచిపోదు. "అయినా నువ్వే నిరూపించావు కదమ్మా. ఆకులోనే విరుగుడు ఉంది. కాస్త విషం పడినా ఆకే చూసుకుంటుంది."

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇదే. రెబెకా పరిశోధననే తీసుకుని, అంచు తిప్పి, ఆమె మీదే పెట్టారు. ఈ మాట విన్నాక ఆవిడని గారు అనడానికి నాకు నోరు రావడం లేదు. కానీ రెబెకా ఇంకా అంటూనే ఉంది కాబట్టి నేనూ అంటాను.

"విరుగుడు ఉందని విషం పోస్తారా ఆంటీ?" అంది రెబెకా. "రసాయనం రెట్టింపు చేసిన బోనులో ఏమైందో మీరు చూడలేదా? ఆకు పెట్టినా ఆ పిల్లలు కోలుకోలేదు. ఆ బోను ఎలుకలకి ఏదో జబ్బు చేసింది, థీసిస్‌లో రాయొద్దని మీరే అన్నారు. మీరన్నారని తీసేశాను. అంత నమ్మకం ఉంటే జెన్నీకి ఎందుకు పెట్టరు ఈ ప్యాకెట్టు?"

 కృపావతి గారు జగ్గులోంచి నీళ్ళు వంచుకుని తాగారు. "నువ్వు తల్లివైతే తెలుస్తుంది" అన్నారు చివరికి.

"రాఘవమ్మ పిన్ని తల్లి కాదా? ఆవిడ ఆకు మీ అలమరలో, మీ పొడి ఆవిడ కోడలి గ్లాసులో. మొదటి ప్యాకెట్టు ఆవిడకి ఎవరిచ్చారు?"

"నేనే పంపాను డేనియల్ చేత. కృతజ్ఞత ఉండాలి కదా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. రెబెకా నానబోసింది గుప్పెడు గింజలు కాదు, పదిహేడో ఏటి నుంచి తన బతుకంతా.  కంచం పక్కకి జరిపింది. ఫైలు మూయబోతూ అడుగున ఇంకో కాగితం చూసింది.

'ఇలవరక్ష పొడిని స్వయంగా పరీక్షించాను. గర్భిణులకు పూర్తిగా సురక్షితమని పరిశోధకురాలిగా ధ్రువీకరిస్తున్నాను.' కింద సంతకం. జ్ఞానయ్య రెబెకా.

సంతకం తనదే. అనుమానం లేదు. కానీ ఇప్పుడామె అలా పెట్టదు, పేరులో రెండక్షరాలు గీకి వదిలేస్తుంది. తండ్రి పేరుతో పూర్తిగా పెట్టింది పరిశోధనలో చేరిన రోజున. ఆ డిపార్ట్‌మెంటులో అదో ఆనవాయితీ. చేరిన పిల్లలు పది తెల్ల కాగితాల మీద సంతకాలు చేసి గైడు బీరువాలో పెట్టాలి. ఫెలోషిప్ ఫారాలకి, హాజరు రిపోర్టులకి ప్రతిసారీ పిల్లల్ని వెతుక్కునే పని ఉండదని. ఇరవై ఏళ్ళుగా అందరూ పెడుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు రెబెకా పెన్ను రాయకపోతే కృపావతి గారు తన పెన్నిచ్చారు. ఆంటీ పెన్నుతో సంతకం పెట్టానని హాస్టల్లో అందరికీ చెప్పుకుంది కూడా.

"ఈ కాగితం ఎంతమందికి వెళ్ళింది?"

"ప్రతి షాపుకీ ఒక కాపీ. ఊళ్ళలో నా పేరు ఎవరికి తెలుసు? చెరువుగట్ల మీద నాలుగేళ్ళు తిరిగిన పిల్లవి నువ్వు, నిన్ను చూసి నమ్ముతారు." ఆవిడ గొంతు ఇప్పటికీ పెరగలేదు. "కూర్చో, పెరుగు వేసుకోలేదు. తొందరపడి ఎవరితోనూ ఏమీ అనకు. నీ థీసిస్ మీద నా సంతకం ఇంకా పడలేదు, గుర్తుందిగా."

రెబెకా లేచింది. అలమర దగ్గరికి వెళ్ళి ఆకాశం రంగు సంచి తీసుకుంది. మళ్ళీ ఏమనుకుందో, లోపల గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు విని, దాన్ని ఎక్కడిది అక్కడే పెట్టేసింది. జెనిఫర్ కడుపులో బిడ్డ ఏం చేసింది పాపం.

"వస్తాను మేడమ్" అంది.

ఆ ఇంట్లో ఆమె ఆవిడని మేడమ్ అనడం అదే మొదటిసారి. కృపావతి గారు తలెత్తి చూశారు. అప్పటికే రెబెకా వరండా మెట్లు దిగుతోంది, ఆ ఫైలు చంకలో ఉంది.

ఎండ పెళపెళలాడుతోంది. గేటు పక్క గోడ నీడలో నిలబడి రాఘవమ్మకి ఫోన్ చేసింది. నాలుగు రింగులకి ఆవిడ ఎత్తింది.

"ఏంటమ్మా, అన్నం తిన్నావా?"

"పిన్నీ, నేను చెప్పేది జాగ్రత్తగా విను. దుర్గ చేత ఆ పొడి తాగించొద్దు. ఇప్పుడే ఆపెయ్."

"అదేంటి? ఎవరన్నారు ఆపమని?"

"నేనే అంటున్నాను. అది మంచిది కాదు పిన్నీ. నువ్వు ఆరబెట్టిన ఆకు కాదది. బరకాల మీద ఆరబెట్టారు."

అవతల కోళ్ళు అరుస్తున్నాయి. "తాగమన్నదీ నువ్వేగా" అంది రాఘవమ్మ.

"నేను అనలేదు పిన్నీ."

"కాయితంలో రాశావుగా. డేనియల్ బాబు తెచ్చి చూపిస్తే శివ చదివి చెప్పాడు. మన రెబెకమ్మ పరీక్ష చేసిందంట, ఏం ఫర్లేదంటని. లేకపోతే గట్టు మీద కోసుకునే ఆకు నేను పొట్లంలోది ఎందుకు పెడతాను? ఏడేళ్ళకి నిలిచిన కడుపమ్మా. ఊరోళ్ళెవరు చెప్పినా పెట్టేదాన్ని కాదు. నీ పేరుందని పెట్టా. మా వాడలో ఇంకో నలుగురికి కూడా నేనే చెప్పి ఇప్పించా." ఆవిడే మళ్ళీ అడిగింది. "ఆ సంతకం నీది కాదా?"

అబద్ధం చెప్పడానికి అదే సమయం. కాదు అంటే చాలు, ఆవిడ నమ్ముతుంది. కానీ ఆ ఇంట్లోంచి ఇప్పుడే బయటికి వచ్చిన రెబెకాకి ఆ మాట నోట్లోకి రాలేదు.

"నాదే పిన్నీ. ఎప్పుడో ఖాళీ కాగితం మీద పెట్టాను. తర్వాత వాళ్ళు రాసుకున్నారు."

"ఖాళీ కాయితం మీదా?" రాఘవమ్మ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఆ ఆశ్చర్యమే రెబెకాని నిలువునా కోసింది. "వేలిముద్ర మనిషిని, నేనే ఏం రాశారో చదివించుకోకుండా వెయ్యనే. అంత చదివినదానివి, నువ్వెట్టా పెట్టావమ్మా?"

రెబెకా చంకలో ఫైలు చేతిలోకి తీసుకుంది.

"అప్పుడు మంచిదన్నావు, ఇప్పుడు కాదంటున్నావు" అంది రాఘవమ్మ. " కాయితంలో రాసింది అబద్ధమా, ఫోన్లో చెప్పేది అబద్ధమా, నాకెట్టా తెలుస్తది? ఇప్పుడు నీ ఏ మాట నమ్మమంటావు?"

అవతల, వంటింట్లోంచి కాబోలు, దుర్గ గొంతు వినిపించింది. "అత్తా, నీళ్ళు కాగినయ్. పొడి కలుపుకోనా?"

రాఘవమ్మ కోడలికి బదులు చెప్పలేదు. ఫోనూ పెట్టేయలేదు. రెబెకాకి ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, దాని వెనక ప్యాకెట్టు మూతి చింపుతున్న చప్పుడు వినిపిస్తోంది.